మెరవని ఆకుపచ్చ రాయి

నాలుకతో మొదలు

బొగ్గు గనుల్లో భూగర్భ శాస్త్రవేత్తగా కొత్తగా చేరిన వాళ్ళకు మేము మొదట నేర్పేది సుత్తి పట్టడం కాదు, నాలుక బయటపెట్టడం. నవ్వకండి. డ్రిల్లింగ్ చేసి భూమిలోంచి పైకి తీసిన రాతి కడ్డీ ఆరిపోయి, దుమ్ముపట్టి ఉంటుంది. అది ముతక ఇసుకరాయా, సన్నదా, బంకమన్ను గట్టిపడిన షేలా అన్నది పొడిగా ఉన్నప్పుడు తేలదు. కాస్త తడిస్తే రేణువులు స్పష్టంగా బయటపడతాయి. రామగుండం ఎండలో చేతిలో సీసా ఉంటే ఆ నీళ్ళు తాగుతామా, రాళ్ళ మీద పోస్తామా? అందుకని నాకడమే. బంకమన్ను ఎక్కువున్న రాయి నాలుకకు అతుక్కుంటుంది. పంటికింద కరకరమంటే అందులో సన్న ఇసుక ఉన్నట్టు.

మా నాయన బొగ్గు బాయిలో తట్టలు నింపి నన్ను చదివించాడు. నేను చేసే పని ఇదని తెలిసినరోజు మా అవ్వ నుదురు కొట్టుకుంది. "గిన్ని చదువులు చదివిచ్చింది రాళ్ళు నాకెటందుకా కొడుకా?" అంది.

ప్రమోషన్లు, ఫైళ్ళు, బదిలీల సంగతి నేను రాయను. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి, వాటిలో నేర్చుకునేదీ ఏమీ ఉండదు. నా ఉద్యోగం చివరి దినాల్లో రామగిరి దగ్గర క్యాంపులో ఉన్నప్పుడు ఎదురైన ఒక రాయి గురించి చెబుతాను. బొగ్గుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా నా సర్వీసు మొత్తంలో నన్ను అంత భయపెట్టిన రాయీ, నేను అంత ఆశగా చూసిన రాయీ మరొకటి లేదు.

దానికి ముందు మా పెద్దసారును పరిచయం చేయాలి. నేను చేరిన కొత్తలో ఆయన మా అందరికీ పైఅధికారి. మనిషి మంచివాడని చెప్పలేను. కోపం వస్తే చేతిలో ఉన్న పెన్సిల్ మన మీదికి వచ్చేది. జీపులో ముందు సీటు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కానీ ఏ రాయికైనా పేరు చెప్పగానే మమ్మల్ని ఆపి అడిగేవాడు: "ఏం చూసినవ్? ఏం అనుకున్నవ్? రెండూ ఒక్కటేనా?" అప్పట్లో ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆయన గురించి నాకు గుర్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

మంథని నుంచి వచ్చిన పెట్టె

మంథనిలో ఒక భూగర్భ శాస్త్ర లెక్చరర్ ఉండేవారు. ఆయన పోయాక, ఇంట్లో ఉన్న రాళ్ళ పెట్టెను ఆయన భార్య మా క్యాంపుకు పంపించింది. "ఆయన పానమంతా గీ రాళ్ళల్లనే ఉండె. పారేసుడు మనసొస్తలేదు, మీ పిల్లలకన్న పనికొస్తయి" అని కబురు చేసింది. ఆయన తన విద్యార్థులను దేశమంతా గనులకు తీసుకువెళ్ళినప్పుడు ఏరుకొచ్చిన రాళ్ళవి. పెట్టెలో రాళ్ళు భద్రంగానే ఉన్నాయి. వాటి చీటీలను మాత్రం చెదలు తినేశాయి.

రాళ్ళను వేరుచేసే పని స్రవంతికి అప్పగించాను. గోదావరిఖని అమ్మాయి, మా క్యాంపులో అందరికంటే చిన్న జియాలజిస్టు. ప్రశ్నలు అడగడంలో మాత్రం అందరికంటే పెద్దది. మా రాతి కడ్డీల షెడ్డు చూసుకునే ఓదెలు ఒక్కో రాయినీ తుడిచి ఇస్తుంటే, ఆమె మా అలవాటు ప్రకారం నాలుకతో తడిపి, భూతద్దంలో చూసి పక్కన పెట్టేది.

వాటిలో రెండు రాళ్ళు మిగతావాటిలా లేవు. ఒకదాని మీద నిమ్మపండు రంగు పొరలు పేరుకుని ఉన్నాయి, ముట్టుకుంటే రాలేలా. రెండోది ముదురు ఆకుపచ్చ. చిన్నచిన్న పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. నిమ్మరంగు రాయిని చూడగానే నాకు అనుమానం వచ్చింది. యురేనియం ఖనిజాల్లో అటువంటి రంగు ఉంటుందని చదివాను తప్ప ఎన్నడూ చేతిలోకి తీసుకోలేదు. ఆ జాతిలో కొన్నింటికి అతినీలలోహిత కాంతిలో మెరిసే గుణం ఉందని కూడా చదివాను.

దుప్పటి కింద

అటువంటి దీపం మా క్యాంపులో లేదు. ఓదెలు తల గోక్కుని, "కిరాణా కొట్ల దొంగ నోట్లు చూసే లైటు పనికొస్తదా సార్?" అన్నాడు. పనికొస్తుంది, అదీ ఆ కాంతే. కాలనీకి సైకిల్ మీద వెళ్ళి అడిగి తెచ్చాడు.

ఇక చీకటి కావాలి. మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండ. టేబుల్ మీద మందపాటి దుప్పటి కప్పి ముగ్గురమూ అందులో తలలు దూర్చాం. చెమట ధారలు కట్టింది. దీపం వెలిగించగానే నిమ్మరంగు రాయి భగ్గుమన్నట్టు పచ్చగా వెలిగింది. పక్కనున్న ముదురు ఆకుపచ్చ రాయి మాత్రం నల్లగా, చప్పుడు చేయకుండా కూర్చుంది. అదే సమయంలో ఓదెలు తెల్ల బనీను నీలంగా మెరిసింది. "నేను సుత యురేనియమేనా సార్?" అన్నాడతను. దుప్పటి ఎగిరిపోయేలా నవ్వుకున్నాం. బట్టలుతికే పౌడర్లో కలిపే మందు వల్ల అలా మెరుస్తుందని స్రవంతి చెప్పింది.

బయటికి వచ్చాక నిమ్మరంగు రాయిని చూపించి స్రవంతిని నేను అడిగిన మొదటి ప్రశ్న, "దీన్ని నాకినవా బిడ్డా?"

"లేదు సార్. పొరలు రాలుతయేమోనని నాకలేదు. గా ముదురు పచ్చదాన్నే నాకిన. మంచిగ కనవడ్డదని రెండుమూడు సార్లు చూసిన" అంది.

గండం గడిచిందనుకున్నాం. మెరిసిన రాయిని మూత గట్టి డబ్బాలో పెట్టి దూరపు గదిలో తాళం వేయించాను, పైవాళ్ళకు కబురు చేశాను. ముదురు ఆకుపచ్చ రాయిని ఓదెలు తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఫ్యాను గాలికి హాజరు కాగితాలు ఎగరకుండా బరువుకు సరిపోయిందట. నేను చూశాను, ఏమీ అనలేదు. అతని బనీను మెరిసినప్పుడే మాకు అర్థం కావలసింది. చూశాం, నవ్వాం, ఆలోచించలేదు.

బోరులో దిగకముందే అరిచిన ప్రోబ్

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీరు, బొగ్గును వెతికే పద్ధతుల్లో ఒకటి తప్పక నేర్చుకుంటారు. ప్రతి రాయిలోనూ ఎంతో కొంత రేడియోధార్మికత ఉంటుంది. షేల్‌లో ఎక్కువ, బొగ్గులో తక్కువ. అందుకని డ్రిల్లింగ్ చేసిన రంధ్రంలోకి పొడవాటి ప్రోబ్ దింపుతాం. షేల్ దగ్గర మిషన్ చప్పుడూ, అంకే పెరుగుతాయి, బొగ్గు దగ్గర పడిపోతాయి. బొగ్గు గప్‌చుప్‌గా ఉండే రాయి. మేం ఆ నిశ్శబ్దాన్నే వెతుకుతాం.

మా క్యాంపులో ఆ పని నఫీసాది. రోజూ ప్రోబ్‌ను బోరు దగ్గరికి తీసుకువెళ్ళే ముందు షెడ్డు నీడలో ఒకసారి పరీక్షించేది. కొద్దిరోజులుగా ఆమె ముఖం చిరాకుగా ఉంది. ఒక పొద్దున నా దగ్గరికి వచ్చింది.

"సార్, మిషన్ ఖరాబైనట్టుంది. షెడ్డుల పెడితే చాలు, ఊకెనే ఒర్రుతున్నది. బోరు కాడికి పోతె మల్ల మంచిగైతున్నది."

"గక్కడ మంచిగుంటే మిషన్ మంచిగున్నట్టే కదా" అన్నాను.

ఇద్దరమూ ప్రోబ్ పట్టుకుని షెడ్డులో నెమ్మదిగా నడిచాం. గేటు వైపు వెళితే అంకె తగ్గింది. వెనక్కి వస్తే పెరిగింది. ఓదెలు బల్ల దగ్గర అది ఎప్పుడూ చూడనంత పైకి పోయింది. బల్ల మీద అతని టిఫిన్ డబ్బా, టీ గ్లాసు, హాజరు కాగితాలు, వాటి మీద ఆకుపచ్చ రాయి.

ఓదెలు రెండడుగులు వెనక్కి వేశాడు. "గది మెరవలేదు కద సార్!"

అదే మా తప్పు. మేం చూసింది: ఒక రాయి మెరిసింది, ఒకటి మెరవలేదు. మేం అనుకున్నది: మెరిసింది ప్రమాదం, మెరవనిది కాదు. చూసినదానికీ అనుకున్నదానికీ మధ్య మేం ఒక్క కొలత కూడా తీసుకోలేదు. మెరుపు వేరు, రేడియోధార్మికత వేరు. మెరుపు పరమాణువు పైపొరల్లోని ఎలక్ట్రాన్లు ఆడే ఆట. రేడియోధార్మికత లోపలున్న కేంద్రకం చేసే పని. బనీను మెరుస్తుంది, అందులో యురేనియం లేదు. ఈ రాయిలో ఉంది, అది మెరవదు. మెరిసేదంతా బంగారం కాదని అందరం బడిలో చదివాం. మెరవనిదంతా మామూలు రాయి కాదని మాకెవరూ చెప్పలేదు.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూశాను. స్రవంతి. ప్రోబ్ అరుపు ఆమె కూడా విన్నది.

స్రవంతి చెప్పిన మాట

ఆ రాయిని దూరంగా పెట్టించి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"నాకు మూడో నెల సార్" అంది. "ఎవ్వలికి చెప్పలేదు. పోయినసారి నిలవలేదు, గందుకని జర ఆగి చెప్తామనుకున్న. ఇప్పుడు మల్ల ఏమన్న అయితే, నా నాలుకతోనే అయిందనుకుంట సార్. బతికినన్ని దినాలు గట్లనే అనుకుంట."

ఫికర్ చెయ్యకు అనడం తేలిక. అది అబద్ధం అవుతుందో కాదో తెలియకుండా అనడం నాకు చేతకాదు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు ఆమె కంటే ఎక్కువ భయం వేసింది. ఆమెకు నా కూతురి వయసే ఉంటుంది.

"ఏం కాదని నేను చెప్ప బిడ్డా, నాకు తెల్వదు" అన్నాను. "కానీ గదేం రాయో, అండ్ల ఏమున్నదో, నోట్లెకు ఎంత పోయి ఉంటదో తెల్సుకోవచ్చు. రేపు డాక్టర్ దగ్గరికి పోదాం. పోయే ముందు ఆయన అడిగే ప్రశ్నలకు జవాబు మన చేతుల ఉండాలె."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. "మరి చూద్దాం పట్టున్రి సార్. నేను రాస్త."

గేటు దగ్గర నుంచి అడిగిన ప్రశ్నలు

ఆమెను రాయి దగ్గరికి రానివ్వలేదు. రేడియోధార్మికతకు మొదటి మందు దూరం. కొంచెం దూరం జరిగినా తీవ్రత ఎంతో పడిపోతుంది. నేను చేతి తొడుగులు, మూతికి మాస్కు వేసుకుని షెడ్డు ఈ చివర. ఆమె గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఆ చివర. మధ్యలో వరుసగా రాతి కడ్డీల పెట్టెలు.

"పలకలు ఎట్లున్నయి సార్?" అని అరిచింది.

"చతురస్రం. మూలలు తీరుగున్నయి."

"అభ్రకం లెక్క పొరలు లేస్తున్నయా?"

"లేస్తున్నయి. కానీ అభ్రకం లెక్క వంగుతలేవు, విరుగుతున్నయి."

"గట్టిగున్నదా?"

"మెత్తది. గోరుతోటి గీస్తే గీత పడేటట్టున్నది. గీస్తలేను, ఫికర్ చెయ్యకు."

అటువైపు నుంచి నవ్వు వినిపించింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత ప్రశ్నలు జల్దీ జల్దీ వచ్చాయి. రంగు లోపల కూడా అంతేనా? పొడి ఏ రంగు? మెరుగు గాజులాగా ఉందా, ముత్యంలాగా ఉందా? జవాబులు చెబుతూ చెబుతూ నేను భయం సంగతే మరిచిపోయాను. ఆమె కూడా మరిచిందో లేదో తెలియదు కానీ గొంతు మారింది.

అన్నీ రాసుకుని అరిచింది. "సార్, రెండూ ఒక్క ఇంటివే అనుకుంటున్న. పచ్చగ మెరిసిందాంట్ల కాల్షియం ఉన్నది. గీ ముదురు దాంట్ల కాల్షియం జాగల రాగి ఉన్నది. రాగితోనే గీ రంగు. రాగితోనే మెరుపు పోయింది."

ఆమె అనుకున్నది సరైనదే. యురేనియం, ఫాస్ఫేట్, నీళ్ళు రెండింటిలోనూ ఉంటాయి. ఆ పొరల మధ్య కాల్షియం కూర్చుంటే దాన్ని ఆట్యునైట్ అంటారు. రాగి కూర్చుంటే టోర్బర్నైట్. యురేనియం ఇవ్వబోయే వెలుగును అది పుట్టకముందే రాగి మింగేస్తుంది. వర్గీకరణ అంటే పేర్లు బట్టీపట్టడం అని మీలో చాలామంది అనుకుంటారు. కాదు. ఎవరి చోటులో ఎవరు కూర్చున్నారో, దానివల్ల ఏం మారిందో, ఏం మారలేదో తెలుసుకోవడం. ఇక్కడ రంగు మారింది, మెరుపు పోయింది, రేడియోధార్మికత మాత్రం ఎక్కడికీ పోలేదు.

"నీళ్ళల్ల కరుగుతదా సార్?" ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

"కరగదనే చెప్పాలె."

"యాసిడ్‌ల?"

"కరుగుతది."

"కడుపుల ఉన్నది యాసిడే కద సార్" అంది.

డాక్టర్, ఓదెలు, నేను

మరునాడు కరీంనగర్ వెళ్ళాం. ముందు సీటు స్రవంతికిచ్చాను. ఓదెలు కూడా జీపెక్కాడు. "నా టిఫిన్ డబ్బ గా రాయి పక్కకే ఉండె సార్. నన్నెవలు అడుగుతరు?" అన్నాడు. న్యాయమైన మాట.

డాక్టరమ్మ మంచి మనిషి. ఇటువంటిది తనెప్పుడూ చూడలేదని ఒప్పుకుంది. తెలియదని చెప్పే డాక్టరు మీద నాకు నమ్మకం ఎక్కువ. పుస్తకాలు చూసింది, హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసింది. మేం తెచ్చిన వివరాలన్నీ ఒక్కొక్కటిగా అడిగింది. తర్వాత చెప్పింది: నోటి ద్వారా పోయిన యురేనియంలో చాలామటుకు శరీరంలో కలవకుండానే బయటికి పోతుంది. కలిసిన కొంచెంతో మొదట చూసుకోవలసింది మూత్రపిండాలను. నాలుకకు అంటిన రవ్వలు బహుశా చాలా తక్కువ. అయినా బహుశా అన్న మాటతో సరిపెట్టుకోవద్దు, కొలిపిద్దాం.

ఇద్దరి మూత్రం హైదరాబాద్ ల్యాబుకు వెళ్ళింది. రెండు రాళ్ళ రవ్వలను కూడా జాగ్రత్తగా వేరే చోటికి పంపించాం. ఇక ఎదురుచూడటమే. ఆ దినాల్లో నేను ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. ఇంట్లో నా భార్య, "ఉద్యోగం సంబరంగ ముగిస్తవనుకుంటే గీ గోసేంది?" అంది.

ముందు వచ్చింది మనుషుల ఫలితం. మూత్రంలో యురేనియం ఉంది. ఆ మాట వినగానే మధ్యలో అడ్డుపడ్డాను. డాక్టరమ్మను పూర్తిగా చెప్పనిచ్చాక తెలిసింది, అది అందరిలోనూ ఉంటుందట. నీళ్ళతో, తిండితో రవ్వంత రోజూ వస్తూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది. స్రవంతిలోనూ ఓదెలులోనూ ఉన్నది మామూలు మనుషుల్లో ఉండేంతే. ఆ సంతోషంలో ఓదెలు క్యాంపంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. స్రవంతి మాత్రం పెద్దగా సంబరపడలేదు. "పుట్టినంక నవ్వుత సార్" అంది.

తర్వాత రాళ్ళ ఫలితం వచ్చింది. అందులో నేను ఊహించనిది ఒకటుంది. రెండింటి పేర్ల ముందూ 'మెటా' అని ఉంది. మెటా ఆట్యునైట్, మెటా టోర్బర్నైట్. ఈ ఖనిజాల పొరల మధ్య నీళ్ళుంటాయని చెప్పాను కదా. పొడిగాలి తగిలితే ఆ నీళ్ళలో కొంత పోతుంది. పోతే లోపలి అమరిక మారుతుంది, అప్పుడది పుస్తకాల ప్రకారం వేరే ఖనిజం. అంటే ఆ లెక్చరర్ గారు గనిలో ఏరినప్పుడు వాటి పేరు ఒకటి అయి ఉండవచ్చు. మన ఎండాకాలాలు పెట్టెలో గడిపాక మరొకటి అయింది. చెదలు ఆ చీటీలను తినకుండా ఉన్నా, ఇప్పుడవి తప్పే అయ్యేవేమో. ఇన్నేళ్ళూ రాయి మారదని అనుకుంటూ వచ్చినవాణ్ణి, ఈ సంగతి తెలిసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. అప్పటికి నా రిటైర్మెంట్ దగ్గరపడింది.

అటువంటి రాళ్ళను భద్రపరచే అధికారం ఉన్నవాళ్ళు వచ్చి వాటిని పట్టుకుపోయారు. నఫీసా షెడ్డంతా ప్రోబ్‌తో మళ్ళీ వెతికింది. ఓదెలు ప్రతి పెట్టె పక్కన ఒక నీళ్ళ సీసా కట్టి, గోడ మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో "నాలుకలు లోపలనే" అని రాశాడు. మీరు ఏ క్యాంపులో చేరినా ఆ మాట పాటించండి. తడపడానికి నీళ్ళు, కొలవడానికి పరికరం. ఎక్కడిదో తెలియని రాయి ఎంత ముచ్చటగా ఉన్నా నోటి దగ్గరికి తేవద్దు, బల్ల మీద పెట్టుకోవద్దు. పెద్దవాళ్ళు నేర్పిన అలవాటైనంత మాత్రాన అది మంచిదైపోదు.

నీళ్ళ సీసా

నేను రిటైరయిన తర్వాత స్రవంతికి ఆడపిల్ల పుట్టింది. ఫోన్లో ఆమె మొదట ఏడ్చింది, తర్వాత నవ్వింది. నేనూ అంతే.

మొన్న గోదావరిఖనిలో మా ఇంటికి తల్లీబిడ్డా వచ్చారు. మా వాకిట్లో మొక్కల చుట్టూ నేను వరుసగా పేర్చిన రాళ్ళున్నాయి, అన్నీ గోదావరి ఇసుకలో ఏరిన మామూలు గులకరాళ్ళు. మేం టీ తాగుతూ ఎవరి బదిలీ ఎక్కడికో మాట్లాడుకుంటుంటే, పిల్ల మెల్లగా నడుచుకుంటూ పోయి ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది.

"ఉమ్మెయ్ బిడ్డా, ఉమ్మెయ్!" స్రవంతి గ్లాసు వదిలేసి ఉరికింది. నోట్లో వేలు పెట్టి రాయిని బయటికి లాగింది. నేను లేచేలోపే దాన్ని గోడ అవతలికి విసరబోయి, ఎందుకో ఆగింది.

అరచేతిలో రాయి తడిగా ఉంది. తడిసిన మేర రేణువులన్నీ బయటపడ్డాయి. ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసి దాని మీద పోసి, ఎంగిలి కడిగి, వెలుగులోకి తిప్పింది.

"సార్, గీ గులాబి రంగు ఫెల్‌స్పార్ పలుకులు ఎంత మంచిగ కనవడుతున్నయో చూసిన్రా?"

కళ్ళద్దాలు సర్దుకుని నేనూ వంగాను. ఇద్దరమూ ఆ గులకరాయి మీదికి తలలు వంచి చూస్తుంటే, నోట్లో రాయి పోయిన పిల్ల మా ఇద్దరి వైపూ కోపంగా చూసి నాలుక బయటపెట్టింది.